మ్యాపు రంగుకు ఆధారం ఏమిటో అడుగుదాం

(సికింద్రాబాద్‌లో జరిగిన మండల కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున గిట్టుబాటు ధరల మీద తరగతి విన్నారు. భోజనాల తర్వాత మాకు ఇచ్చిన అంశం మ్యాపుల్లో రంగులు. బోర్డు మీద రాసింది చూసి ముందు వరసలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. రైతు సంఘానికి రంగులతో పనేమిటి, అది బడిపిల్లల డ్రాయింగు క్లాసు కదా అనుకున్నట్టున్నారు. నవ్వండి. మధ్యాహ్నం తరగతిలో కునికిపాట్ల కంటే నవ్వే నయం.

అయితే ఒక సంగతి గమనించండి. కరువు మీద వినతిపత్రం తీసుకొని పోతే పదిహేనేళ్ల కింద వచ్చే జవాబు వేరు. "పై నుంచి ఆర్డరు రాలేదు" అనేవారు. ఆ జవాబుతో కొట్లాడడం మనకు తెలుసు. ఇప్పుడు అధికారి కంప్యూటరు తెర మన వైపు తిప్పుతున్నాడు. "మీ మండలం ఆకుపచ్చలో ఉంది కదయ్యా, నన్నేం చేయమంటావు" అంటున్నాడు. మన చేతిలో ఎండిన పత్తి మొక్క, ఆయన తెర మీద ఒక రంగు. చాలాసార్లు రంగే గెలుస్తున్నది.

ఆ రంగు అబద్ధమని మేము అనడం లేదు. ఆ మ్యాపులు తయారుచేసే శాస్త్రవేత్తలు మనకు శత్రువులు కారు, వాళ్ల పని మనకు కావాలి. మేము అడిగేది ఒకటే. మ్యాపు మీద రంగు వాన ఎంత పడిందో చెబుతుంది. ఆ సంగతి ఎంత గట్టిగా తెలుసో చెప్పదు. పది గేజిల లెక్కతో వేసిన ఆకుపచ్చ, ఒక్క గేజి లెక్కతో వేసిన ఆకుపచ్చ కాగితం మీద ఒకే తీరుగా మెరుస్తాయి. ఆ తేడా కనబడనంత కాలం నష్టపోయేది మనమే.

వాతావరణ శాఖ వర్షపాతం మ్యాపుతో మొదలుపెడదాం. దాని హైదరాబాద్ కేంద్రం ఇక్కడికి దగ్గరే, బేగంపేటలో ఉంది. ఆ మ్యాపులో లెక్క ఇట్లా ఉంటుంది. మామూలు వాన కంటే 19 శాతం ఎక్కువ నుంచి 19 శాతం తక్కువ దాకా పడితే 'సాధారణం', ఆకుపచ్చ. 20 నుంచి 59 శాతం ఎక్కువైతే లేత నీలం. 60 శాతం, ఆపైన ఎక్కువైతే ముదురు నీలం. లోటు 20 నుంచి 59 శాతం అయితే ఎరుపు. 60 నుంచి 99 శాతం లోటు అయితే పసుపు. చుక్క కూడా పడకపోతే తెలుపు. లెక్కే అందకపోతే బూడిద రంగు.

ఒకసారి మళ్లీ వినండి. మామూలు లోటుకు ఎరుపు, అంతకంటే ఘోరమైన లోటుకు పసుపు. ట్రాఫిక్ సిగ్నల్ చూసి అలవాటైన కంటికి ఎరుపే ప్రమాదం, పసుపు దానికంటే తక్కువ. కాబట్టి 70 శాతం లోటున్న జిల్లా పసుపులో కనబడితే, పక్కనున్న ఎర్ర జిల్లా కంటే నయంగా ఉందనుకుంటాం. అదే శాఖ ఇచ్చే హెచ్చరికల మ్యాపుకు పోతే మరో లెక్క. అక్కడ ఆకుపచ్చ అంటే హెచ్చరిక లేదు, పసుపు అంటే గమనిస్తూ ఉండండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే వెంటనే చర్య తీసుకోండి. ఒకే శాఖ, ఒకే పసుపు, రెండు అర్థాలు. పైగా మనకు ఆ మ్యాపు చేతికొచ్చేది ఎక్కువగా జిరాక్స్ కాపీగా. జిరాక్స్‌లో ఎరుపూ ఆకుపచ్చా రెండూ ఒకే మసి రంగు. ఎరుపు, ఆకుపచ్చ తేడా కళ్లకే తెలియని మగవాళ్లు కూడా మన ఊళ్లలో ఉన్నారు. వాళ్లకు రంగు ప్రింటు ఇచ్చినా జిరాక్స్ ఇచ్చినా ఒకటే.

ఇప్పుడు ఆకుపచ్చ అంచు దగ్గరికి పోదాం. మన పోట్లాట ఉండేది అక్కడే. ఒక మండలంలో వానాకాలం మామూలు వాన 700 మిల్లీమీటర్లు అనుకోండి. 19 శాతం లోటు అంటే 567. 20 శాతం లోటు అంటే 560. తేడా 7 మిల్లీమీటర్లు, ఒక చిన్న జల్లు. 567 పడితే సాధారణం, 560 పడితే లోటు. అదే 567 పడిన మండలానికీ 833 పడిన మండలానికీ ఒకే ఆకుపచ్చ. నడుమ 266 మిల్లీమీటర్ల తేడా ఉన్నా రంగు మారలేదు. ఇటు 7 మిల్లీమీటర్లకే మారిపోయింది.

ఆ 7 మిల్లీమీటర్లను కొలిచింది ఎవరు? మన రాష్ట్రంలో ప్రణాళికా సొసైటీ పెట్టిన ఆటోమేటిక్ స్టేషన్లు వెయ్యికి పైగా ఉన్నాయి. ఇది తక్కువ పని కాదు, చాలా రాష్ట్రాల్లో ఇన్ని లేవు. అయినా లెక్క చూడండి. తెలంగాణ విస్తీర్ణం సుమారు లక్షా 12 వేల చదరపు కిలోమీటర్లు. ఒక్కో స్టేషన్ వంతుకు వచ్చేది దాదాపు వంద చదరపు కిలోమీటర్లు, అంటే 25 వేల ఎకరాల దాకా. ఆ గేజి మూతి మన ఇంట్లో అన్నం గిన్నె మూతంత ఉంటుంది. అంత మూతిలో పడిన నీళ్లు 25 వేల ఎకరాలకు సాక్ష్యం చెప్పాలి. వాన ఎట్లా పడుతుందో మనకు తెలియదా? గెట్టుకు ఈ పక్క తడుస్తుంది, ఆ పక్క దుమ్ము లేస్తుంది. గేజి ఉన్న ఊరి మీద మొగులు దిగితే మండలమంతా ఆకుపచ్చే. ఆ గేజి బ్యాటరీ నాలుగు రోజులు పనిచేయకపోయినా, చుట్టుపక్కల లెక్కలతో ఆ ఖాళీని పూడ్చినా, రంగు మాత్రం అంతే చిక్కగా పడుతుంది. ఇక్కడ కొలిచింది ఎంత, అంచనా వేసింది ఎంత అన్న ముక్క మ్యాపు మీద ఉండదు.

ఇంకో సంగతి, బెట్ట. 2023 జూలై చివర ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన రికార్డయింది. ఊళ్లకు ఊళ్లు మునిగాయి. ఆ వెంటనే వచ్చిన ఆగస్టు, 1901 తర్వాత దేశంలో అతి తక్కువ వాన పడిన ఆగస్టు. దేశం మొత్తం మీద 36 శాతం లోటు. జూలైలో ఒక్క దినంలో అంత వాన పడిన చోట నాలుగు నెలల మొత్తం తీస్తే ఏ రంగు వస్తుందో మీరే చెప్పండి. పూత మీదున్న పత్తి ఆగస్టులో నీళ్లు అడిగింది. దానికి జూలై వరద లెక్క చూపిస్తే కాయ పడుతుందా?

మరి మ్యాపు వేసేవాళ్లకు దీనికి ఉపాయం లేదా? ఉంది, కొత్తది కూడా కాదు. ఉప్పల్‌లో సర్వే ఆఫ్ ఇండియా వాళ్లు శిక్షణ ఇచ్చే చోటు ఉంది. వాళ్ల పాత టోపో షీట్లు చూసినవాళ్లు గమనించే ఉంటారు. గుట్టల ఎత్తు సరిగ్గా కొలిచిన చోట గీత ఆగకుండా సాగుతుంది. అందాజాగా వేసిన చోట గీతను ముక్కలు ముక్కలుగా గీస్తారు. మాకు ఇంతవరకే తెలుసు, ఇక్కడి నుంచి అందాజ అని ఆ గీతే ఒప్పుకుంటుంది. గొలుసు పట్టుకొని గుట్టలెక్కిన ఆ కాలపు సర్వేయర్లకున్న నిజాయితీ కంప్యూటరు రంగులకు ఎందుకు ఉండకూడదని మా ప్రశ్న.

రంగులతో కూడా ఈ పని చేయవచ్చునని అమెరికాలో అలన్ మెకాక్రన్ అనే భూగోళ శాస్త్రవేత్త 1992లోనే రాశాడు. సమాచారం గట్టిగా ఉన్న చోట రంగు చిక్కగా వేయాలి, గట్టిగా లేని చోట వెలిసినట్టు వేయాలి, నీళ్లు కలిపిన సున్నం లాగా. వినడానికి బాగుంది. తర్వాత 2012లో ఆయనే తోటివారితో కలిసి జనం మీద పరీక్షించి చూస్తే, రంగు వెలిసినట్టు వేయడం కంటే అంచును మసకగా వేయడమే చూసేవాళ్లకు తేలిగ్గా అర్థమైందని తేలింది. తన మాటను తానే పరీక్షకు పెట్టిన తీరు మాకు నచ్చింది. మన మండలాల మ్యాపుకు దీన్ని అన్వయిస్తే, గేజిలు తక్కువున్న చోట రంగు మీద అడ్డగీతలు కొట్టినా చాలు. గీతలైతే జిరాక్స్‌లో కూడా పోవు.

ఇది ఇక్కడ కుదరదని ఎవరూ అనలేరు. మన వాతావరణ శాఖ ఒక మ్యాపులో ఈ పని ఇప్పటికే చేస్తున్నది. ఏటా వానాకాలానికి ముందు విడుదల చేసే అంచనా మ్యాపు చూడండి. అందులో రంగు ఎంత ముదిరితే అంత ఎక్కువ వాన అని మనం అనుకుంటాం. అట్లా కాదు. అక్కడ ముదురు రంగు చెప్పేది అవకాశం గురించి. మామూలు కంటే ఎక్కువ పడే అవకాశం ఎంత బలంగా ఉంటే ఆ రంగు అంత ముదురుతుంది. తక్కువ పడే అవకాశానికీ అంతే. మరి తెల్లగా వదిలిన చోటు? ఎక్కువ, మామూలు, తక్కువ మూడింటికీ సమాన అవకాశమే, ఏదీ గట్టిగా చెప్పలేం అని అర్థం. ఆ మాట వాళ్ల ప్రకటనలోనే ఉంటుంది. పేపర్లు, టీవీలు ఆ ఒక్క వాక్యం వదిలేస్తాయి. తెల్లగా ఉన్న జిల్లాలో వాన ఉండదట అన్న పుకారు మృగశిర కార్తెకు ముందే ఊరికి చేరుతుంది. రోజువారీ వర్షపాతం మ్యాపులో తెలుపంటే చుక్క పడలేదని, ఇక్కడ తెలుపంటే చెప్పలేమని. రెంటినీ కలిపి చదివితే విత్తనం పెట్టే నిర్ణయమే తప్పుతుంది.

హెచ్చరికల మ్యాపులో కూడా రంగు వెనక మాటలు ఉంటాయి. జిల్లా మొత్తం పసుపు పూసి, కింద "ఒకటి రెండు చోట్ల భారీ వర్షం" అని రాస్తారు. ఒకటి రెండు చోట్ల అంటే వాళ్ల లెక్కలో జిల్లాలోని స్టేషన్లలో నాలుగో వంతుకు మించదు. రంగు జిల్లా అంతా నిండింది, మాట మాత్రం పావు జిల్లా గురించే. అట్లాగే ఇంగ్లీషు ప్రకటనలో 'లైక్లీ' అని ఉంటే 25 నుంచి 50 శాతం అవకాశం. 'వెరీ లైక్లీ' అంటే 50 నుంచి 75. 'మోస్ట్ లైక్లీ' అంటే 75 పైన. తెలుగులోకి వచ్చేసరికి మూడూ కలిసి "కురిసే అవకాశం ఉంది" అవుతాయి. 30 శాతమే అవకాశమున్న రోజు మందు కొట్టడం ఆపేసిన రైతు, సాయంత్రం మొగులు చూసి శాస్త్రాన్ని తిట్టుకుంటాడు. శాస్త్రం చెప్పింది వేరు, ఆయన చెవిన పడింది వేరు.

కోస్తా నుంచి వచ్చిన మిత్రులకు తుఫాను మ్యాపు బాగా తెలుసు. సముద్రంలో మొదలై తీరం వైపు వెడల్పవుతూ వచ్చే ఆ గరాటా ఆకారం తుఫాను సైజు కాదు. కేంద్రం ఎటు పోవచ్చో అన్న అనుమానం దినదినానికీ ఎంత పెరుగుతుందో చూపే బొమ్మ అది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన వరి, కుప్పల మీదున్న వరి నీళ్లపాలైంది. అటువంటప్పుడు గరాటా అంచున ఉన్న ఊరు 'మనకు లేదులే' అనుకోకూడదు. గరాటా బయట కూడా వాన కొడుతుంది.

ఇక ఉపగ్రహం. ఈ సికింద్రాబాద్‌కు దానితో పాత చుట్టరికం ఉంది. దేశంలో ఉపగ్రహ చిత్రాల పని చూసే జాతీయ దూర సంవేదన సంస్థ 1970లలో మొదలైంది ఇక్కడే. ఇప్పుడు బాలానగర్‌లో పెద్ద కేంద్రమై ఉంది. 1989 నుంచి 2012 దాకా కరువు అంచనాకు పంటల పచ్చదనం మ్యాపులు అక్కడి నుంచే పోయేవి. తర్వాత ఆ పని ఢిల్లీలోని మహలనోబిస్ కేంద్రానికి మారింది.

ఉపగ్రహానికి పచ్చదనం కనబడుతుంది. ఆ పచ్చదనం దేనిదో తేల్చడం కష్టం. పత్తి చేను గుబురుగా పెరిగి కాయ పట్టకపోయినా పచ్చగానే ఉంటుంది. వరుసల నడుమ గడ్డి పెరిగినా అంతే. బీడు పడిన చెల్కలో సర్కారు తుమ్మ అలుముకుంటే దాని పచ్చదనం మన కందికేం తీసిపోదు. పైగా వానాకాలంలో పంట చూడవలసిన రోజుల్లోనే మబ్బు అడ్డం. అందుకే అనేక రోజుల చిత్రాలు కలిపి మబ్బు లేని ముక్కలు ఏరి ఒక చిత్రం చేస్తారు. ఏ ముక్క ఏ తేదీదో, మన మండలం మీద ఎన్ని రోజులు మబ్బు ఉందో కూడా పక్కన ఒక చిన్న మ్యాపులో చూపవచ్చు. ఆ సమాచారం వాళ్ల దగ్గర ఉంటుంది. మన దాకా రాదు.

నేల పరీక్షల రంగు మ్యాపుల గురించి రెండు మాటలు చాలు. 2015లో వచ్చిన భూసార కార్డుల పథకంలో నీటి వసతి ఉన్న చోట రెండున్నర హెక్టార్లకు ఒక మట్టి నమూనా, వర్షాధారమైతే 10 హెక్టార్లకు ఒకటి. 10 హెక్టార్లంటే పాతిక ఎకరాలు. మన దగ్గర పాతిక ఎకరాల్లో ఎర్ర చెల్క, రేగడి, చౌడు మూడూ ఉండే చోట్లున్నాయి, పది మంది పట్టాదారులుంటారు. ఒక్క గుప్పెడు మట్టి రంగు పది మందికీ. భూగర్భ జలాల మ్యాపూ అంతే. ఏడాదిలో భూమిలోకి ఇంకే నీళ్లలో తోడేది 70 శాతం లోపుంటే సురక్షితం, 100 దాటితే అతి వాడకం అని మండలానికి ఒక రంగు. మన రాతి నేలలో ఒక బోరుకు నీళ్లు పడితే ఇరవై అడుగుల అవతల దుమ్ము వస్తుంది. సురక్షితం రంగు చూసి అప్పు చేసి బోరు వేసినవాళ్లు ఈ హాల్లోనే ఉంటారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నామంటే రంగు వెనక డబ్బుంది. 2015 నవంబరులో రాష్ట్రంలో 231 మండలాలను కరువు మండలాలుగా ప్రకటించారు. జాబితాలో ఉన్న మండలానికీ గెట్టు అవతలి మండలానికీ పంటలో ఎంత తేడా ఉంది? అప్పు వాయిదా, పెట్టుబడి రాయితీ మాత్రం గెట్టు దగ్గరే ఆగిపోతాయి. 2016 కరువు మాన్యువల్ ప్రకారం మొదటి గడప వాన లోటు, బెట్ట. అది దాటితేనే సాగు విస్తీర్ణం, ఉపగ్రహ పచ్చదనం, నేల తేమ, చెరువులు, భూగర్భ జలం చూస్తారు. ఆ తర్వాత పది శాతం గ్రామాలు ఎంపిక చేసి పొలాలకు వస్తారు. అంటే మనిషి వచ్చి మొక్కను చూసేది చిట్టచివర. మొదటి గడప దగ్గర గేజి తప్పితే ఆ మనిషి రానే రాడు. వాతావరణ ఆధారిత పంట బీమాలోనూ ఇదే చూశాం. 2020లో మన రాష్ట్రం ఆ పథకాల నుంచి తప్పుకునే దాకా పత్తి రైతుకు పరిహారం వచ్చేదీ రానిదీ తేల్చింది స్టేషన్ లెక్క. చేను చెప్పిన లెక్క ఎవరికీ అక్కర లేకపోయింది. రేపు ఏ పథకం తెచ్చినా ఈ స్టేషన్ల లెక్కే పునాది అవుతుంది, ఇప్పుడే అడగాలి.

ఏమడగాలి? కరువు మీద వాడే ప్రతి మండల మ్యాపు కింద ఎన్ని గేజిలు, ఏ ఊళ్లలో, ఆ కాలంలో ఎన్ని రోజులు పనిచేయలేదు అన్నది రాయాలి. అంచనాతో పూడ్చిన చోట అడ్డగీతలు వేయాలి. లెక్క లేని చోటును ఆకుపచ్చలో కలపకూడదు. గీతకు రెండు మూడు శాతం ఇటు అటు ఉన్న మండలాలకు వేరే గుర్తు పెట్టి, అక్కడికి ముందు మనిషిని పంపాలి. మా దృష్టిలో ఈ చివరిదే అన్నింటికంటే ముఖ్యం. అనుమానం ఉన్న చోటే కదా చూడవలసింది. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉంది. గేజి పనిచేయని రోజుల జాబితా ఇవ్వండని పది రూపాయల దరఖాస్తు పెట్టడానికి లాయరు అక్కర్లేదు.

మన వైపు పని కూడా ఉంది. "మా ఊళ్లో వాన పడలేదు సార్" అంటే ఎవరూ రాసుకోరు. తేదీ వేసి మిల్లీమీటర్లు రాసిన నోటుబుక్కు పెడితే కనీసం తిరగేస్తారు. ఊరికి ఒక వాన గేజి పెట్టండి. ప్లాస్టిక్‌ది తక్కువ ధరకే దొరుకుతుంది. చెట్టు కింద, గోడ పక్కన పెట్టకండి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకే చూడాలి. ఎందుకంటే వాతావరణ శాఖ దినం ఎనిమిదిన్నరకు మొదలై మర్నాడు ఎనిమిదిన్నరకు ముగుస్తుంది. 10వ తేదీ సాయంత్రం కురిసిన వాన వాళ్ల లెక్కలో 11వ తేదీ కింద పడుతుంది. ఈ ముక్క తెలియక మన తేదీలు కలవడం లేదని కాగితం పక్కన పడేస్తారు. వాన పడని రోజు ఖాళీ వదలకండి, సున్నా వేయండి. చూడలేకపోయిన రోజు సున్నా వేయకండి, 'చూడలేదు' అని రాయండి. మ్యాపులవాళ్లను మనం ఏది అడుగుతున్నామో అది మన నోటుబుక్కులో ముందు ఉండాలి.

నమూనా పేజీలు వెనక బల్ల మీద ఉన్నాయి, మండలానికి పది. జూన్ ఒకటి నుంచి సెప్టెంబరు 30 దాకా నింపి అక్టోబరు మొదటి వారంలో జిల్లా ఆఫీసుకు పంపండి. గేజి ఉన్న ఊరి పేరు, అది ఎవరి ఇంటి ముందు పెట్టారో పై గడిలో రాయడం మర్చిపోవద్దు. ప్రశ్నలుంటే టీ తాగుతూ మాట్లాడుకుందాం.